స్ఫటికంలోంచి దేవుడు ఎటు వెళ్లాడు?

అత్తకు నమస్కారాలు.

నేను సొంతంగా చెక్కిన మొదటి స్ఫటికం పంపుతున్నాను. తుఫానులో పడవ, కొసన దేవుడు, లోపల ఐదుగురు భక్తులు. రాయి వెనకవైపు నుంచి చెక్కుతాం. ముందు నుంచి చూస్తే మంచులో నిలబడినట్టు తెల్లగా కనిపిస్తారు. ఇది నీకు నచ్చకపోతే పని మానేసి వచ్చి నీ కుట్టుమిషను ముందు కూర్చుంటానన్నాను. ఆ మాట మీదే ఉన్నాను.

నీ మేనకోడలు

తా.క.: దేవుడి ముక్కుకే పదకొండు రోజులు పట్టింది. ముక్కు చూడకుండా తీర్పు చెప్పొద్దు.

*

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

ముక్కు సంగతి తర్వాత, అసలు దేవుడేడే? రాయి ఖాళీగా ఉంది. ఇటు నుంచి చూస్తే అటు గోడ కనిపిస్తోంది. మన ఇంటిమొత్తానికి బడి గడప తొక్కింది నువ్వొక్కదానివేనని నెత్తిన పెట్టుకుంటే, నా కళ్లకే గంతలు కడతావా? మూట సర్దుకుని వచ్చెయ్.

ఇట్లు, అత్త

తా.క.: ఇది రాస్తున్నది మందుల షాపాయన్ని. మీ మేనత్త చెప్పిన తిట్లలో నాలుగు, చోటు లేక వదిలేశాను.

*

అత్తకు నమస్కారాలు.

ఒట్టు, దేవుణ్ణి పెట్టే పంపాను! మా గురువుగారు చూశాకే పెట్టె మూశాం. నీ ఉత్తరం విని ఆయన ఒక్కటే అడగమన్నారు: రాయిని ఏం చేశావు?

నీ మేనకోడలు

తా.క.: మూట సగం సర్దాను. అయినా ముక్కు మాత్రం నిజంగా ఉంది.

*

చిరంజీవికి ఆశీస్సులు.

నేనేం చేస్తాను? దేవుడన్నాక మర్యాద చెయ్యొద్దా? గరిటెడు నూనె ఒళ్లంతా పట్టించాను. అంతే!

అత్త

తా.క.: గరిటెడు కాదు, గిన్నెడు. – మందుల షాపాయన

*

అత్తకు నమస్కారాలు.

గురువుగారు నవ్వి నవ్వి కుర్చీలోంచి జారారు. చెక్కినచోట రాయి గరుకుగా ఉంటుంది. ఆ గరుకే మనకు తెల్లగా కనబడేది. అందులో నూనె నిండితే రాయంతా ఒకటే తేట. సబ్బునీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడుగు.

నీ మేనకోడలు

తా.క.: ఒక్క అనుమానం. ఖాళీ రాయికి ఎవరైనా నూనె పట్టిస్తారా?

*

చిరంజీవికి వెయ్యి ఆశీస్సులు.

కడిగాను. ముందు ముక్కే వచ్చింది, తర్వాత మిగతా దేవుడు. నిన్ను చదివించింది నన్ను నిలదీయడానికటే? సరే, విను. పెట్టె విప్పినరోజే చూశాను. పొయ్యి మీద పాలు పొంగి గిన్నె మాడేదాకా చూశాను. ముద్దొచ్చి నూనె రాశాను. చూస్తుండగానే మాయమయ్యాడు. నా చెయ్యి తగిలి వెళ్లిపోయాడని హడలిపోయాను. ఒప్పుకునే ధైర్యం చాలక నీ మీదికి తోశాను. మూట విప్పు. అక్కడే ఉండి పని నేర్చుకో.

నీ అత్త

తా.క.: నలుగురు తెడ్లు వేస్తుంటే ఐదోవాడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మీ మామయ్యని అచ్చు గుద్దినట్టు ఎలా చెక్కావే?