కారుతున్న కప్పుకు గ్రాంటు

అక్కా,

ఫోన్లో చెబితే నవ్వి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

చెదపురుగుల మీద నా పరిశోధనకు గ్రాంటు ఇవ్వాలో వద్దో తేల్చడానికి యూనివర్సిటీ కమిటీ మా ల్యాబుకు వచ్చింది. ఆ రోజు వాన. కప్పు కారి పురుగుల పెట్టెలు తడుస్తాయని పాత గొడుగును తలకిందులుగా వేలాడదీసి, దానికి చిల్లు పెట్టి, బకెట్లోకి గొట్టం వేశాను. కమిటీ పెద్దాయన పురుగుల వంక చూడనే లేదు. గొడుగు చుట్టూ తిరిగి, "ఇదమ్మా ఇన్నోవేషన్ అంటే" అన్నాడు. గ్రాంటు గొడుగుకు వచ్చింది.

"ముందు కప్పు బాగుచేయించండి సార్" అన్నాను.

"కప్పు బాగైతే గొడుగెందుకమ్మా? ప్రాజెక్టు మూతపడదూ?" అన్నాడు.

ఇప్పుడు ఆ కప్పు మీద ఎవరూ సిమెంటు వేయకుండా వాచ్‌మన్ కాపలా ఉంటున్నాడు. వానలు వెనకబట్టాక ట్యాంకరు తెప్పించి పైన నీళ్లు పోయిస్తున్నారు. నన్ను గొడుగు విభాగానికి అధిపతిని చేశారు. అమ్మకు ఈ ఒక్క ముక్క చెప్పు చాలు.

కానీ అన్ని నీళ్లకు గొడుగు పొంగి, పెట్టెల్లోకి చేరి పురుగులు చస్తున్నాయి. పెళ్లి వాయిదా వేసుకుని మరీ పెంచిన పుట్ట అది. ఉద్యోగానికి ఇక్కడే గొడుగు పడతాను, పరిశోధన మీ ఇంట్లో చేసుకుంటాను. ఆదివారం పెట్టెలు తెస్తాను, మెట్ల కింద కాస్త చోటివ్వు. బావ అడిగితే పురుగులని చెప్పు, ఏ పురుగులో చెప్పకు.

ఇంతకీ మీ తలుపులు చెక్కవా, ఇనుపవా?

నీ చెల్లెలు