సైదా మామ గుండె కొట్టుకుంది

బుజ్జమ్మా,

నీ సైకిలుకి పంక్చర్లు వేసే సైదా మామకి పోయినవారం గుంటూరులో గుండె ఆపరేషన్ చేశారు. ముందురోజు వాళ్ళావిడ మస్తాన్‌బీ మనింటికొచ్చి గడప మీదే కూలబడింది.

"గుండె ఆపేసి కోస్తారంట గదక్కా. ఆపింది మళ్ళీ కొట్టుకుంటదా? నీ బిడ్డ సంగతి తెలిసే అడుగుతున్నా. ఉన్నది చెప్పు."

నీ ఆపరేషనప్పుడు డాక్టరు చెప్పిందే నేనూ చెప్పాను. చల్లటి మందు పంపి గుండెను ఆపుతారనీ, చుట్టూ ఐసు పెడతారనీ, అట్లా చల్లగా ఉంచితే గుండె కండ చెడిపోదనీ చెప్పాను. అయినా ఆమె కదల్లేదు. నా మొహమే చూస్తోంది.

"అందరికీ కొట్టుకుంటదే. మా బుజ్జిదే మొండిది. బడికి లేపితే మాత్రం ఏనాడన్నా లేచిందా?" అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుని వెళ్ళింది.

మామ గుండె మళ్ళీ కొట్టుకుంది. నిన్న ఆమె ఫోన్ చేస్తే, "ఏందే ఈ చప్పిడి కూడు" అని వెనకనుంచి ఆయన తిట్టడం వినబడింది. సంతోషమేనమ్మా.

నీది ఎందుకు కొట్టుకోలేదో డాక్టర్లకే తెలియలేదు. ఆమెకు ధైర్యం చెప్పడానికి నెపం నీమీద వేశాను. నామీద కోపమొస్తే రానీ, నీ ఫొటో ముందు పెట్టిన అన్నం మీద మాత్రం చూపించకు. కడుపునిండా తిను.