ఐదో నంబరు డబ్బాలు

జూన్ 3, మంగళవారం

అల్వాల్‌లోని ఒక స్కూలు నుంచి పెద్ద ఆర్డర్. ఆరు వందల టిఫిన్ డబ్బాలు. పన్నెండున బడి తెరుస్తారు, ఆ రోజే పిల్లలకు పంచుతారట. మా ఓనర్ మధుసూదన్ సార్ పొద్దున్నుంచీ ఫోన్ వదల్లేదు.

బోయిన్‌పల్లిలో మాది రెండు మెషిన్ల షెడ్డు. క్వాలిటీ చెకింగ్‌కు నేనొక్కదాన్నే. డబ్బా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేయాలి. వేడి అన్నం పెట్టినా వంగదు, మూత ఎన్నిసార్లు మడిచినా విరగదు. అడుగున త్రికోణంలో 5 అని పడుతుంది. నీళ్ల బాటిల్‌ మీద 1 ఉంటుంది. దాంట్లో వేడి సాంబారు పోస్తే ముడుచుకుపోతుంది.

జూన్ 5

కొత్త మాల్ దిగింది. ఎప్పుడూ వచ్చే ప్లాస్టిక్ గింజలు, దానా కాదు, గ్రైండ్ చేసిన నల్ల ముక్కలు. ఎక్కడివని అడిగితే, నీకెందుకమ్మా, టెస్ట్ చెయ్ అన్నాడు సార్.

చేశాను. నీళ్లలో తేలాయి. పీవీసీ అయితే మునిగేది. గోటితో గీశాను, గీత పడలేదు. షాంపూ సీసాల ప్లాస్టిక్ అయితే పడేది. కాల్చాను. కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన. పాలీప్రొపిలీనే, అనుమానం లేదు.

మరి డబ్బాలు నల్లగా ఎందుకు? స్కూలు వాళ్లు నీలం అడిగారు. నలుపైతే మరకలు కనబడవని సార్ వాళ్లను ఒప్పించాడట.

జూన్ 6, మధ్యాహ్నం

సంచి అడుగుదాకా చేయి పెట్టి చూశాను. గ్రైండర్‌లో నలగని ముక్క ఒకటి దొరికింది, అరచేయంత. దాని మీద ఉబ్బెత్తుగా ప్లస్ గుర్తు.

పాత బ్యాటరీ! ఇన్వర్టర్‌దో, కారుదో. బ్యాటరీ డబ్బా కూడా పాలీప్రొపిలీనే, యాసిడ్‌కు ఆగుతుందని. ఏళ్లతరబడి యాసిడ్, సీసం నిండి ఉన్న డబ్బా. సీసం పిల్లల ఒంట్లో చేరితే విషమే. అది ఏ ప్లాస్టికో నా టెస్టులు చెబుతాయి. ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పవు. మా అచ్చు దాని మీద కూడా 5 అనే కొడుతుంది. అబద్ధం కూడా కాదు.

మెషిన్ నడిపే దుర్గేష్‌కు చూపించాను. నా ముఖం చూడలేదు. నాకు ఎరుకే అక్కా, ఏం జెయ్యాలె, ఇంట్ల నేనొక్కన్నే సంపాదిస్త అన్నాడు.

జూన్ 7

ముక్క తీసుకెళ్లి సార్ బల్ల మీద పెట్టాను. కోప్పడలేదు. అదే నన్ను భయపెట్టింది. "అదే ప్లాస్టిక్ కదా యామినీ, మంచిగ కడిగి తెచ్చిన్రు, ఊకె పరేషాన్ కాకు" అన్నాడు. తిండి పెట్టుకోవడానికి పనికొస్తుందని చెప్పే ఫుడ్ గ్రేడ్ సర్టిఫికెట్ ముందుకు తోశాడు. సోమవారం సంతకం కావాలట. ఆరేళ్ల కింద నేను ఉద్యోగం కోసం తిరుగుతుంటే పిలిచి పనిచ్చింది ఎవరని అడిగాడు.

ఆయనే. అందుకే ముక్క తీసుకుని బయటికి వచ్చేసరికి ఏడుపొచ్చింది.

జూన్ 9

సంతకం పెట్టలేదు.

జూన్ 11, సాయంత్రం

సరుకు ట్రాలీ ఆటోలో ఎక్కిస్తుంటే సర్టిఫికెట్ కాగితం చూశాను. కింద నా సంతకం. నేను పెట్టింది కాదు. సార్ కూర్చొని రాసిండు అన్నాడు దుర్గేష్, చాలా చిన్నగా. నేను కాగితం లాక్కునేలోపే ఆటో గేటు దాటింది.

స్కూలుకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. రింగవుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.

జూన్ 12

మెట్టుగూడలో మా ఇంటి నుంచి రెండు బస్సులు. లోతుకుంట దగ్గర ముప్పావుగంట జామ్. నేను చేరేసరికి పదకొండు. పంచేశారు.

హెడ్‌మిస్ట్రెస్ ప్రిసిల్లా మేడమ్‌కు ముక్క చూపించి అంతా చెప్పాను. నమ్మలేదు. పనిలోంచి తీసేస్తే కక్షతో వచ్చావా అని అడిగింది. ఇంకా తీయలేదు మేడమ్, ఈ రోజు తీస్తారు అన్నాను. ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తర్వాత లేచి మైక్ ఆన్ చేసింది.

గంటలో డబ్బాలన్నీ వరండాలోకి వచ్చాయి. ఒక పాప ఇవ్వనని గుండెకు హత్తుకుంది. టీచర్లు చూస్తూ నిలబడ్డారు. నేనే లాక్కున్నాను. అంత ఏడుపు విన్నాక కూడా నేను చేసింది మంచిపనే అనుకోవడం కష్టం.

ఎల్‌కేజీ పిల్లలు మాత్రం అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు. ముప్పై ఒక్క డబ్బాలు వాళ్లతో పోయాయి. తల్లిదండ్రులకు మెసేజ్‌లు పెట్టారు.

మూడింటికి సార్ ఫోన్. ఏందిది, తిన్నింటి వాసాలు లెక్కపెడ్తవా, రేపటి సంది రాకు అన్నాడు. సరే సార్ అన్నాను.

జూన్ 13

ముప్పై వచ్చాయి. రెండు డబ్బాలు ల్యాబ్‌కు పంపారు. మేడమ్ పోలీస్ స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చింది, సాక్షిగా నా పేరు రాశారు. దుర్గేష్ రానన్నాడు. అతన్ని తిట్టలేను.

ఆ ఒక్క డబ్బా కోసం ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. అడ్రస్‌కు వెళ్తే తాళం. పెళ్లికెళ్లారు, రేపొస్తారని పక్కింటావిడ చెప్పింది.

జూన్ 14

దొరికింది. తలుపు తీసిన పాప చేతిలోనే ఉంది. సగం పెరుగన్నం. రెండు రోజులుగా దాంట్లోనే తింటోందట.

వాళ్లమ్మకు నేనే చెప్పాను. ఆమె పాప చేతిలోంచి డబ్బా తీసుకుని నాకిచ్చింది.

సోమవారం పాపకు రక్తపరీక్ష. నేనూ వెళ్తున్నాను.