చెంబులో మిగిలిన నీళ్ళు

ఉస్కుదార్, ఇస్తాంబుల్
అక్టోబరు 3, 1964

ప్రియమైన మెబ్రూరె అక్కకు,

ఇజ్మీర్ నుంచి నువ్వు పంపిన ఎండు అంజూరాలు అందాయి. సగం అమ్మ దాచేసింది, నాకు దొరక్కుండా!

వియన్నా నుంచి పిలుపొచ్చింది. నేను రాసిన పెద్ద కృతిని అక్కడి వాద్యబృందం వాయిస్తుందట. పియానో ముందు నేనే కూర్చోవాలట. ఎగిరి గంతెయ్యాల్సిన మాటే. కానీ అమ్మ గుండె సంగతి నీకు తెలుసుగా! పారిస్ పోటీ మధ్యలో వదిలేసి వచ్చింది ఆమె కోసమే. రోమ్ నుంచి వచ్చేసిందీ ఆమె కోసమే. ఇప్పుడీ ఇంట్లో కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాను. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం రేడియోలో టీ వేళ పాటలు. ఊపిరాడటం లేదక్కా.

ఒకవేళ బయల్దేరినా, అమ్మ నా వెనక వీధిలో చెంబుడు నీళ్ళు పోసి, "నీళ్ళలా వెళ్ళి నీళ్ళలా తిరిగిరా" అంటుంది. రెండుసార్లూ నన్ను లాక్కొచ్చింది ఆ నీళ్ళే.

నీ చేతిని ముద్దాడి నుదుటికి ఆనించుకుంటూ,
నెజ్దెత్

ఇజ్మీర్
అక్టోబరు 10

ఒరేయ్ నెజ్దెత్, నా బంగారూ,

ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే! అమ్మ గుండె నీకంటే గట్టిది. నేనొచ్చి ఆమె దగ్గరుంటాను. "సాగనంపడానికి నీ తమ్ముడేమైనా పెళ్ళికొడుకా?" అని మా ఆయన గొణుగుతున్నాడు. గొణగనీ. పెట్టె సర్దుకో, ఉన్ని మేజోళ్ళు మర్చిపోకు. ఇంకో సాకు రాశావో, ఆ ఉత్తరం పొయ్యిలో పెడతా.

నీ కళ్ళను ముద్దాడుతూ,
అక్క

వియన్నా
నవంబరు 8

అక్కా,

కచేరీ ఈ నెలాఖరున. నిన్న సాధనలో రెండో భాగం మధ్యలో నా చేతులు కొయ్యబారిపోయాయి. నలభైమంది వాయించడం ఆపి నన్నే చూశారు. గదికొస్తే గోడలు మీదికొస్తున్నాయి. తిరుగు టికెట్టు జేబులోనే ఉంది.

ఒకటడుగుతాను, నిజం చెప్పు. టాక్సీలోంచి వెనక్కి చూశాను. అమ్మ చెంబు పట్టుకుని నిలబడింది కానీ నీళ్ళు పోయలేదు. ఒంట్లో బాగాలేదా? "అమ్మకు బాగాలేదు" అని ఒక్క టెలిగ్రాం కొట్టు, రెక్కలు కట్టుకుని వాలతాను.

నీ నెజ్దెత్

ఉస్కుదార్
నవంబరు 15

నా పిచ్చి తమ్ముడూ,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. ద్రాక్షాకుల్లో అన్నం చుడుతోంది. "మళ్ళీనా!" అని చేతులు తుడుచుకుంది. తర్వాత చెప్పింది వింటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"పారిస్ నుంచి 'వస్తున్నా' అని తంతి కొట్టాడు. ఎందుకో కన్నతల్లిని నాకు తెలీదా? బెదిరిపోయాడు. పక్కింటి హయ్రియే నోరు ఊరుకుంటుందా? అందుకే వెళ్ళి మంచమెక్కా. నేనే రమ్మన్నానని వీధంతా చెప్పా. రోమ్ అప్పుడూ అంతే."

దుక్కలా ఉందిరా మన అమ్మ! నీ పరువు కోసం వేసుకున్న మంచాన్ని నువ్వేమో నీ జైలనుకున్నావు. నాకు నీమీద ఒళ్ళు మండింది.

చెంబు సంగతీ అడిగాను. "రెండుసార్లు పోశా, రెండుసార్లూ పని మధ్యలో వదిలేసి వచ్చాడు. ఈసారి పొయ్యకుండా ఉండటానికి నా చెయ్యి ఎంత లాగిందో నాకే తెలుసు" అంది. ఆ నీళ్ళు గుమ్మం దగ్గర పూలకుండీలో పోసేసిందట.

టెలిగ్రాం కొట్టను. కవరు అంటిస్తుంటే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, ఇంకో మాట రాయమంది: "ఈసారి నాకు జబ్బు రాదని రాయి వాడికి."

నీ కళ్ళను ముద్దాడుతూ,
అక్క