వాకర్ అంటే నడిచేవాడు కాదట

నవంబరు 14. చలి మొదలైంది. సాయంత్రం కూలర్ కడిగి అటకెక్కించాను.

ఆదివారం చర్చిలో పిల్లలు తమ ఇంటిపేర్ల గురించి మాట్లాడాలట. మా గ్లోరీ ఫోన్‌లో వెతికి నవ్వింది. "నాన్నా, మన వాకర్ అంటే నడిచేవాడు కాదంట! ఇంగ్లండులో పూర్వం ఉన్నిబట్టలు నీళ్లలో వేసి కాళ్లతో తొక్కేవోళ్లంట. ఆ పనోళ్ల పేరంట!"

స్టీలు ప్లాంటులో "వాకర్ భయ్యా, నీకు స్కూటర్ దేనికి?" అంటే ఇన్నేళ్లూ నేనూ నవ్వాను. తాత చర్చికి ఎంతో దూరం నడిచొచ్చేవాడు కాబట్టి మిషనరీ దొర ఆ పేరు పెట్టాడని అందరికీ చెప్పాను. తాత నాగావళి రేవులో ఊరి బట్టలు ఉతికేవాడని నా భార్యకి కూడా చెప్పలేదు. దొర తెలిసే పెట్టాడు. నేను దాచిందంతా ఆ పేరులోనే ఉందన్నమాట.

"మరి ముత్తాత ఏటి చేసేవోరు నాన్నా? అదీ చెప్తాను" అంది.

సేద్యం అందామనుకున్నాను. డైరీ రాసుకోవాలని చెప్పి ఇలా వచ్చి కూర్చున్నాను. చర్చిలో ముందు వరసలో కూర్చునే సెక్టర్ 7 క్వార్టర్ల వాళ్లు ఒకరినొకరు చూసుకోవడం ఇప్పుడే కళ్లకు కడుతోంది. ఆ తరవాత నా కూతుర్ని వాళ్లు ఎలా పలకరిస్తారో.

గ్లోరీ మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. "చెప్పవేటి నాన్నా?" అంటోంది.

ఈ రోజు ఇంకా రాయాల్సింది, పొద్దున ఖుర్సీపార్ బజారుకి వెళ్లి