“నిన్నటిదే” అన్న టేపు

ఆర్విల్,

ఉదయం ఏడున్నరకు నీ తమ్ముడు వర్జిల్ మన గరాజ్‌లో యాభై ఖాళీ పిస్తోలు తూటాల్లో తుపాకిమందు నింపుకుని షూటింగ్ పోటీకి వెళ్ళాడు. ఏ మందు నింపాడో వాడికి తెలియదు. మందు పోసే గొట్టం మీద నువ్వు అంటించిన టేపు ఉంది: “నిన్నటిదే.” తారీఖు లేదు. పక్కన రెండు రకాల మందు సీసాలు. ఒకదాని కొలతతో రెండోది పోస్తే తుపాకి పగులుతుందని చెప్పింది నువ్వే.

వాడికి ఫోన్ చేశాను.

“ఏ సీసాలోదిరా?”

“మూత ఉన్నదాంట్లోది వదినా.”

“రెండింటికీ ఉన్నాయి కదరా!”

“అయితే అన్నయ్య రాసిందే. నిన్నటిది.”

“కాల్చకు.”

“నా వంతొచ్చింది వదినా,” అని పెట్టేశాడు.

పోటీ జరిగే క్లబ్బుకు ఫోన్ చేసి వాణ్ణి ఆపమన్నాను. నీకు చేస్తే నీ ఫోన్ ఇంట్లో బల్ల మీదే మోగింది. నువ్వు చర్చిలో పాన్‌కేకులు తింటున్నావు.

వచ్చాక గొట్టంలో మిగిలిన మందు ఏ సీసాలోనూ తిరిగి పోయకు. గులాబీలకు ఎరువుగా వెయ్యి. తూటాలు తేవడానికి ట్రక్కు తీసుకెళ్తున్నాను. ముప్పై ఏళ్ళుగా నా ఉప్పు డబ్బాకు కూడా పేరు అంటిస్తున్నావు.

తా.క. క్లబ్బువాళ్ళు ఫోన్ చేశారు. వర్జిల్ ఇంకా కాల్చలేదు. పెట్టెలో నలభై తొమ్మిది ఉన్నాయి. యాభయ్యోది అప్పటికే తుపాకిలో ఉంటే వాళ్ళే తీశారు. తుపాకి నీది.