బీరువా వెనక గోడ

నా బంగారు అక్కకి,

ఈ ఉత్తరం భోజనం ముందు కూర్చుని చదవకు. చేతులు కడుక్కున్నాక చదువు.

వసంతం వచ్చిందంటే అందరికీ పూలు కనిపిస్తాయి, నాకు మాత్రం నా కూతురి ముక్కే కనిపిస్తుంది. వీధి చెట్ల నుంచి పుప్పొడి రాలి కార్ల మీద, గుమ్మం మీద పిండిలా పేరుకుంటోంది. మా పిచ్చుకకి కళ్ళు ఎర్రబడతాయి, తుమ్ముల మీద తుమ్ములు. ఏటా ఉన్నదే. ఈసారి మాత్రం ఛాతీలో పిల్లికూతలు కూడా మొదలయ్యాయి. డాక్టరమ్మ చెప్పినవన్నీ చేశాను. పొద్దుటిపూట కిటికీలు తెరవడం లేదు, బట్టలు ఆరుబయట ఆరేయడం లేదు. బడి నుంచి రాగానే దానికి తలస్నానం చేయిస్తున్నాను, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతుకుతున్నాను. గాలి శుభ్రం చేసే మిషన్ కూడా కొన్నాం. అయినా బడిలో బాగానే ఉండే పిల్ల తన గదిలోకి వెళ్తే దగ్గుతోంది.

నీ మరిది తీర్పు చెప్పేశారు, "ఇదంతా నీ పూలకుండీల మహత్యం" అని. నేను పనిలోకి వెళ్ళినప్పుడు బాల్కనీలో కుండీలన్నీ చెత్తబండికి ఎత్తించేశారు. పిల్ల కోసమే కదా అని నోరెత్తలేదు. తర్వాత ఆ గదిలో రోజూ నిమ్మవాసన స్ప్రే కొట్టడం మొదలుపెట్టారు. ఆ వాసన కింద ఇంకో వాసన ఉండేది అక్కా. తడిగుడ్డలు మూటకట్టి మరిచిపోతే వస్తుందే, అది. రెండూ కలిసి గొంతులో జిగురులా అంటుకునేవి. అడిగితే, "మూసిన గది కదా, అలాగే ఉంటుంది" అనేవారు.

నిన్న ఆయన ఇంట్లో లేరు. దుమ్ము తుడుద్దామని పిచ్చుక మంచం పక్కనున్న బీరువా జరిపాను. వెనక గోడంతా నల్లగా ఉంది. మరకేమో అనుకున్నాను. కాదు, బూజు. చచ్చిన ఎలుక ఒంటిమీది బొచ్చులా దట్టంగా, చెమ్మగా. చీపురు తగలగానే గోడ రంగు మీగడలా ముడతలు పడి ఊడివచ్చింది. దాని కింద ఇంకో రంగు పొర, దాని కింద పాత నలుపు. చీపురు పడేసి బాత్రూంలోకి పరిగెత్తాను. నా కూతురు ఇంతకాలం దీనికి మొహం ఆనించి నిద్రపోయింది.

సాయంత్రం ఆయనకి చూపించాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అదే నన్ను నిలువునా కోసింది.

"గోడలో పైపు కారుతోందిలే. ఇల్లు కొన్నప్పటి నుంచీ ఉన్నదే. రంగేయించి బీరువా అడ్డం పెట్టాను. మా వ్యాపారంలో అందరూ చేసేదే."

"పిల్ల మంచం దాని పక్కనే వేశారు."

"గోడ పగలగొట్టిస్తే ఇంటి ధర పడిపోదూ? ఆదివారం కొనేవాళ్ళు వస్తున్నారు. అమ్మేసి మంచిది చూసుకుందాం. అప్పటిదాకా ఈ సంగతి నీ నోట్లోంచి రానీయకు."

ఇళ్ళు అమ్మిపెట్టే మనిషని, రాళ్ళని కూడా మాటలతో కరిగిస్తాడని నీ దగ్గర ఎన్నిసార్లు గొప్పలు చెప్పుకున్నానో. ఆ మాటలు కొనేవాళ్ళకే అనుకున్నాను, ఇంట్లోవాళ్ళకీ అని తెలియదు. ఇప్పుడు ఆయన చెయ్యి భుజం మీద పడితే ఒళ్ళు జలదరిస్తోంది. ఆదివారం పొద్దున్నే పిల్లని తీసుకుని నీ దగ్గరికి వచ్చేస్తాను. బావకి కారణం నువ్వే చెప్పు. నాకు నోరు రాదు.

నీ చెల్లి


అక్కా,

వస్తానని చెప్పి రాలేదు. బావతో కలిసి స్టేషన్‌లో ఎదురుచూసి, నన్ను నాలుగు తిట్టుకుని ఉంటావు. నిజంగానే పెట్టె పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. అప్పుడే కొనేవాళ్ళు మెట్లెక్కుతున్నారు. చిన్న వయసు దంపతులు. ఆమె నిండు గర్భిణి, నడుం మీద చెయ్యి వేసుకుని ఆయాసపడుతూ వచ్చింది.

నీ మరిది తేనె ఒలకబోశారు. నేరుగా పిచ్చుక గదిలోకే తీసుకువెళ్ళి, "ఇది పిల్లల గదమ్మా. ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది. మా అమ్మాయి ఇందులోనే పెరిగింది" అన్నారు. ఆమె గాలి గట్టిగా పీల్చి, "మంచి వాసనండీ" అంది.

పెట్టె కింద పెట్టేశాను. నేను వెళ్ళిపోతే నా పిల్ల గట్టెక్కుతుంది. ఆ మంచం చోట ఇంకొకరి ఊయల పడుతుంది. లోపలికి వెళ్ళి బీరువాకి భుజం ఆనించి తోశాను. ఆమె భర్త సాయం పట్టబోయి, గోడ చూసి ఆగిపోయాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. అతను గుమ్మంలో ఆగి, "మీ అమ్మాయి ఇందులోనే పెరిగిందన్నారు కదండీ" అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

వాళ్ళు వెళ్ళాక ఆయన నా మీద విరుచుకుపడ్డారు. "నా పొట్ట కొట్టావు. ఇక నన్ను నమ్మి ఇల్లు చూసేదెవరు?"

"పిల్ల ఊపిరి సంగతేంటి?" అన్నాను.

"అదేం చచ్చిపోలేదుగా" అని, బట్టలు సర్దుకుని వాళ్ళ అన్నయ్య ఇంటికి వెళ్ళిపోయారు. కోపంలో వచ్చిన మాటే అని సర్దిచెప్పుకుందామని చూశాను. పుల్లతేన్పులా అది పైకి వస్తూనే ఉంది.

మేస్త్రిని పిలిచి గోడ పెచ్చులన్నీ కొట్టించాను, పైపు మార్పించాను. నేనూ పిచ్చుకా హాల్లో పడుకుంటున్నాం. వాన కురిసి పుప్పొడి అణిగినప్పుడు కిటికీలు బార్లా తెరుస్తున్నాను. పిల్లికూతలు తగ్గిపోయాయి. తుమ్ములు మాత్రం తగ్గలేదు. డాక్టరమ్మ పరీక్ష చేయించి, "దీనికి పుప్పొడీ పడదు, బూజూ పడదు. తుమ్ములు చెట్ల వల్ల, ఛాతీ పట్టేసింది ఆ గది వల్ల" అంది.

ఇందులో సగం మాట ఎలాగో ఆయన చెవిన పడింది. నిన్న ఫోన్ చేశారు. గొంతులో గెలిచినవాడి హుషారు.

"పుప్పొడిదే తప్పని నేను ముందే చెప్పానా లేదా? డాక్టరు కూడా అదే అంది కదా. అయిందేదో అయింది. ఇంటికి రానా?"

నేను అరవలేదు అక్కా. "రండి. గోడ ఇంకా ఆరలేదు, హాల్లో మేమిద్దరం ఉన్నాం. మీరు దాని గదిలో, దాని మంచం మీద పడుకోండి" అన్నాను.

ఆయన గొంతు తగ్గించి అన్నారు, "ఆ గాలి నాకు పడదే."

ఫోన్ పెట్టేసి, సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

నీ చెల్లి